ఆటల కంప్యూటర్‌తో ఇంటీరియర్ రెండర్లా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను ఇంటీరియర్ డిజైనర్‌ని. 3డీఎస్ మ్యాక్స్‌లో మోడల్ చేసి కరోనా అనే సాఫ్ట్‌వేర్‌లో రెండర్ చేస్తాను, అంటే ఆ మోడల్‌ను ఫొటోలాంటి బొమ్మగా మారుస్తాను. క్లయింటు అడిగితే అప్పుడప్పుడు లూమియన్‌లో వాక్‌త్రూ (ఇంట్లో నడుస్తూ చూస్తున్నట్టుండే వీడియో) కూడా ఇస్తాను. 2017లో కొన్న ఐ7-7700 మీదే ఇప్పటికీ పని నడుస్తోంది. ఒక్క 4కే బొమ్మకు ఐదు గంటలు పడుతోంది. కొత్తది కొందామని కొటేషన్ అడిగితే షాపువాళ్లు ఇలా రాసిచ్చారు: రైజెన్ 7 9800ఎక్స్‌3డీ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 5070 టీఐ కార్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు నాలుగు, 1 టీబీ ఎన్‌వీఎంఈ డిస్కు, డిస్‌ప్లే ఉన్న లిక్విడ్ కూలర్, ముందువైపు గాజు పలక ఉన్న క్యాబినెట్, 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె). ‘ఇంతకంటే మంచి మెషీన్ ఉండదు మేడమ్’ అంటున్నారు. కొనమంటారా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: షాపాయన మిమ్మల్ని మోసం చేయలేదు. ఆ కాగితం మీద ఉన్న ప్రతి భాగమూ మంచిదే. ఇంట్లో పిల్లవాడు గేములు ఆడుకోవడానికి కంప్యూటర్ కావాలని ఎవరైనా అడిగితే నేనూ దాదాపు ఇదే రాసిచ్చేవాణ్ని. చిక్కల్లా మీరు గేములు ఆడకపోవడమే.

అన్నిటికంటే ముందు తేలాల్సింది మీ రెండరర్ దేని మీద నడుస్తుందన్నది. కరోనా ప్రాసెసర్ మీద నడిచే రెండరర్. గ్రాఫిక్స్ కార్డు ఎంత పెద్దదైనా బొమ్మ లెక్క కట్టడంలో చేయి వేయదు. నాయిస్ (బొమ్మలో మిగిలే చుక్కలు) తుడవడానికి ఎన్‌విడియా డీనాయిజర్‌ను ఎంచుకుంటే ఆ కాస్సేపు పనికొస్తుంది, అంతే. ఆక్టేన్, రెడ్‌షిఫ్ట్ అనే రెండరర్లు వాడేవాళ్ల సంగతి దీనికి తలకిందులు, అక్కడ బరువంతా కార్డుదే. వీ-రే, ఆర్నాల్డ్, బ్లెండర్‌లోని సైకిల్స్ రెండు రకాలుగానూ నడుస్తాయి. షాపుకు వెళ్లి ‘రెండరింగ్‌కు మంచి కంప్యూటర్’ అని మాత్రమే అడిగితే ఈ తేడా అవతలివాళ్లకు తెలిసే అవకాశం లేదు. ఫలితం మీ కొటేషన్‌లోనే కనిపిస్తోంది. భారీ ధర పలికే 5070 టీఐ మీ రోజువారీ పనిలో గంటల తరబడి ఖాళీగా కూర్చుంటుంది. ఐదు గంటలపాటు చెమటోడ్చాల్సిన ప్రాసెసర్‌కేమో కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, తక్కువ.

9800ఎక్స్‌3డీలో ఉన్నవి 8 కోర్లు, 16 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు). దాని గొప్పంతా 96 ఎంబీ ఎల్3 క్యాష్‌లో, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న మెమరీలో ఉంది. గేములు దాన్ని ఆబగా వాడుకుంటాయి, కరోనాకు అంత పట్టింపు లేదు. కరోనా కాంతి కిరణాల లెక్కలను ఉన్న థ్రెడ్లన్నిటికీ పంచేస్తుంది కాబట్టి మీకు కావాల్సింది కోర్ల సంఖ్య. అదే ఏఎం5 సాకెట్ ఉన్న మదర్‌బోర్డు మీద కూర్చునే రైజెన్ 9 9950ఎక్స్ తీసుకోండి, 16 కోర్లు, 32 థ్రెడ్లు. పేరు చివర 3డీ అన్న తోక ఉన్న రకం కూడా దొరుకుతుంది. ఆ తోకకు మీరు డబ్బు కట్టనక్కర్లేదు. 8 కోర్ల మీద రెండు గంటలు పట్టే బొమ్మ దీని మీద గంటకు కాస్త అటూ ఇటూగా పూర్తవుతుంది. కార్డు తగ్గించుకుంటే మిగిలే డబ్బు ఈ తేడాకు సరిపోవాలి. అప్పటికీ చేయి చాలకపోతే 12 కోర్ల 9900ఎక్స్ ఉంది.

ఇంటెల్‌లో కోర్ అల్ట్రా 9 285కే ఈ పనికి దీటుగానే నిలబడుతుంది. ఎవరైనా 13వ, 14వ తరం ఐ9, ఐ7 పాతవి చవకగా ఇస్తామంటే మాత్రం ఆగండి. ఓల్టేజీ లోపం వల్ల వాటిలో కొన్ని క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. మైక్రోకోడ్ (చిప్‌ను నడిపే లోపలి ప్రోగ్రాము) సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ రాకముందే ఏళ్ల తరబడి రెండర్లలో కాగిన చిప్‌ను తర్వాత బయోస్ (మదర్‌బోర్డులోని ప్రోగ్రాము) అప్‌డేట్ చేసి లాభం లేదు, జరిగిన నష్టం తిరిగిరాదు.

థ్రెడ్‌రిప్పర్ కొనమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. 7960ఎక్స్‌లో 24 కోర్లున్న మాట నిజమే. కానీ దాని మదర్‌బోర్డు ధర వేరు, అది మామూలు ర్యామ్‌ను ఒప్పుకోదు, సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామే కావాలి. పైగా మ్యాక్స్‌లో మోడలింగ్ చేసేటప్పుడు చాలా పనులు ఒకే కోర్ వేగం మీద ఆధారపడతాయి, అక్కడ 9950ఎక్స్‌ది పైచేయి. ఒంటరిగా పనిచేసుకుంటూ నెలకు పాతిక, ముప్ఫై స్టిల్స్ ఇచ్చే మనిషికి థ్రెడ్‌రిప్పర్ దండగ అని నా అభిప్రాయం.

ఇక ర్యామ్. ఈ కొటేషన్‌లో నాకు నిజంగా కోపం తెప్పించిన పంక్తి ఇది. నాలుగు ఎనిమిదులు ముప్ఫై రెండు, స్లాట్లన్నీ నిండిపోయాయి. రేపు పెంచుకోవాలంటే ఉన్నవాటిని తీసి పక్కన పడేయాలి. అదీగాక రైజెన్ 9000 శ్రేణిలో రెండు స్టిక్కులు పెడితే ఏఎండీ ఇచ్చే అధికారిక వేగం 5600. నాలుగు పెడితే అది 3600కు పడిపోతుంది. 32 జీబీ రెండు తీసుకోండి, 64 అవుతుంది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు మండిపోతున్నాయని తెలుసు, అందుకే గుడ్డిగా 64 అనడం లేదు. మీ పాత కంప్యూటర్‌లో అన్నిటికంటే బరువైన సీన్ తెరిచి, మీరు క్లయింటుకు ఇచ్చే సైజులోనే, రెండర్ ఎలిమెంట్లన్నీ (బొమ్మతోపాటు విడిగా తీసే పొరలు) పెట్టి రెండర్ మొదలుపెట్టండి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే ‘కమిటెడ్’ అని ఒక అంకె కనిపిస్తుంది. మీ పనికి ఎంత మెమరీ కావాలో అది చెబుతుంది. ఆ అంకె 40 జీబీ లోపే ఉంటే 24 జీబీ స్టిక్కులు రెండు సరిపోతాయి. 50 దాటితే 64కు తగ్గకండి. గడ్డి, కార్పెట్ నూలు, డిస్‌ప్లేస్‌మెంట్ (ఆకారంలోనే ఎగుడుదిగుళ్లు) వేసిన రాతిగోడ ఉన్న సీన్లు ఈ అంకెను చూస్తుండగానే ఎక్కించేస్తాయి. ర్యామ్ చాలక విండోస్ డిస్కు మీద పడిందంటే 16 కోర్లూ చేతులు కట్టుకుని నిలబడతాయి.

గ్రాఫిక్స్ కార్డు అసలే వద్దని కాదు. లూమియన్ పూర్తిగా కార్డు మీదే నడుస్తుంది, మ్యాక్స్‌లో మోడల్ కనిపించే వ్యూపోర్టుకూ కార్డు కావాలి. అప్పుడప్పుడు చేసే వాక్‌త్రూకు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ చాలు. ఇక్కడొక తిరకాసుంది. ఇదే పేరుతో 8 జీబీ కార్డు కూడా అమ్ముతారు. పెట్టె మీద పేరు ఒకటే, మెమరీ సగం. చెట్లూ కార్లూ నింపిన లూమియన్ సీన్‌కు 8 జీబీ చాలదు. కొటేషన్‌లోనూ బిల్లులోనూ ‘16 జీబీ’ అని రాయించుకోండి.

డిస్‌ప్లే ఉన్న కూలర్‌లో డిస్‌ప్లేకు కట్టే డబ్బు వృథా. 9950ఎక్స్ పూర్తి బరువు మీద 200 వాట్ల దాకా లాగుతుంది. గేములో మాదిరి ఎక్కుతూ దిగుతూ కాదు, గంటల తరబడి ఒకే తీరుగా. దానికి రెండు ఫ్యాన్ల పెద్ద ఎయిర్ కూలర్ గానీ, ఏ హంగూ లేని 360 ఎంఎం లిక్విడ్ కూలర్ గానీ చాలు. ఏ కూలరైనా గదిలోని గాలితోనే ప్రాసెసర్‌ను చల్లబరచాలి. మే నెలలో మీ ఊళ్లో ఏసీ లేని గది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? అందుకే ముందువైపు గాజు పలక బదులు జాలీ ఉన్న క్యాబినెట్ అడగండి. ఎండాకాలంలో బయోస్‌లోకి వెళ్లి ఈకో మోడ్‌లో 105 వాట్లు పెట్టుకుంటే వేగం కొద్ది శాతమే తగ్గుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. ఇన్ని మార్పుల తర్వాత 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కూడా అక్కర్లేదు, మంచి కంపెనీది 750 గోల్డ్ చాలు. డిస్కు విషయంలో ఎక్కువ ఆలోచించకండి. మోడళ్లూ టెక్స్చర్లూ (మోడల్ మీద అతికించే బొమ్మలు) దాచుకోవడానికి ఇంకో 2 టీబీ ఎన్‌వీఎంఈ వేయించుకోండి, ఇంకా వేగమైన జెన్ 5 రకం కొన్నంత మాత్రాన రెండర్ ఒక్క నిమిషం కూడా తగ్గదు.

డబ్బు కట్టేముందు షాపులోనే కరోనా బెంచ్‌మార్క్ నడిపి చూపించమనండి. అది ఉచితం, నడపడానికి ఎక్కువసేపు పట్టదు. వచ్చిన స్కోరును అదే ప్రాసెసర్‌కు ఇతరులు నమోదు చేసినవాటితో పోల్చండి. బాగా తక్కువ వచ్చిందంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదనో, బయోస్‌లో ఏదో తేడా ఉందనో అర్థం. దాన్ని వాళ్ల బల్ల మీదే సరిచేయించుకోవడం మేలు. మీకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు సంస్థ పేరు మీద తీసుకోండి, కట్టిన పన్నుకు క్రెడిట్ వస్తుంది. పాత ఐ7ను అమ్మకండి, వచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. కొత్తది రెండర్‌లో ఉన్నప్పుడు డ్రాయింగులు సరిచేసుకోవడానికి ఉంచుకోండి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 జాబితాలో ఆ చిప్ లేదు. కాబట్టి బ్యాంకు పనులు మాత్రం దాని మీద వద్దు.

ప్రశ్న: యానిమేషన్ కోర్సు చదువుతున్నాను. నా దగ్గర ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ ఉంది. బ్లెండర్‌లో ఒక పల్లెటూరి సీన్ చేస్తుంటే మెమరీ చాలడం లేదని ఆగిపోతోంది. సికింద్రాబాద్ సీటీసీలో ఇంకో పాత 3060 దొరుకుతోంది. రెండూ పెడితే 24 జీబీ అవుతుంది కదా? – ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: కాదు బాబూ. రెండు కార్డులు పెట్టినా నీ సీన్‌కు దొరికేది 12 జీబీయే. సైకిల్స్ మొత్తం సీన్‌ను, అంటే ప్రతి మెష్‌నూ (వస్తువు ఆకారం) ప్రతి టెక్స్చర్‌నూ, ఒక్కో కార్డులోకి విడివిడిగా కాపీ చేస్తుంది. ఒకే పాఠ్యపుస్తకం ఇద్దరు విద్యార్థుల దగ్గర చెరొకటి ఉన్నట్టు. లెక్కలు ఇద్దరూ పంచుకుని త్వరగా చేస్తారు గానీ పుస్తకంలో పేజీలు పెరగవు. 12లో పట్టే సీన్ అయితే సమయం దాదాపు సగమవుతుంది. నీ సమస్య పట్టకపోవడం కాబట్టి రెండో కార్డు దాన్ని తీర్చదు. రెండు కార్డులను జతచేసే ఎన్‌వీలింక్‌తో మెమరీ కలపవచ్చని ఎక్కడో చదివి ఉంటావు. ఆ తరంలో ఆ సదుపాయం 3090కి ఉంది, 3060కి లేదు. 40వ శ్రేణి గేమింగ్ కార్డుల నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు.

కొనే ముందు సీన్‌లోకి తొంగి చూడు. నా అనుమానం టెక్స్చర్ల మీద. 8కే టెక్స్చర్ అంటే 8192 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు, ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్లు. గుణిస్తే 256 ఎంబీ. డిస్కు మీద ఆ జేపీజీ ఫైలు 20 ఎంబీయే కనిపించవచ్చు, కార్డులోకి మాత్రం విప్పుకునే వెళుతుంది. ఒక పెంకుటింటికి రంగుకొకటి, గరుకుదనానికొకటి, నార్మల్ మ్యాప్‌కొకటి (ఎగుడుదిగుళ్లు చూపేది) చొప్పున వేసుకుంటూ పోతే నలభై టెక్స్చర్లు ఇట్టే అవుతాయి. అవి 8కే అయితే 10 జీబీ అక్కడే అయిపోయింది. వాటినే 4కే చేస్తే ఒక్కోటి 64 ఎంబీ, 2కే చేస్తే 16 ఎంబీ. కెమెరాకు దూరంగా, తెర మీద బొటనవేలంత కనిపించే ఇంటి గోడకు 8కే ఎందుకు? రెండర్ ప్రాపర్టీస్‌లో సింప్లిఫై అన్నచోట టెక్స్చర్ లిమిట్ ఉంది. దాన్ని 2048 పెట్టి ఒకసారి రెండర్ కొట్టు. సీన్ నడిచిందంటే దొంగ దొరికినట్టే. దగ్గరగా కనిపించేవాటిని మాత్రం పెద్దవిగా ఉంచి మిగతావాటిని నీ చేత్తో చిన్నవి చేసుకో.

తాటిచెట్లను షిఫ్ట్, డి కొట్టి కాపీ చేశావా, ఆల్ట్, డి కొట్టా? మొదటి పద్ధతిలో మామూలుగా ప్రతి చెట్టుకూ కొత్త మెష్ పుడుతుంది. రెండో పద్ధతిలో అన్ని చెట్లూ ఒకే మెష్‌ను పంచుకుంటాయి. వంద చెట్ల తోపులో ఈ తేడా చాలా పెద్దది. ఇవన్నీ చేసినా చాలకపోతే అప్పుడు ఒకటే 16 జీబీ కార్డుకు మారు, రెండో 3060 మాత్రం వద్దు.

ప్రశ్న: పెళ్లి వీడియోలు తీస్తాం. ఐ7-12700ఎఫ్, ఆర్‌టీఎక్స్ 3060, 32 జీబీ ర్యామ్. కొత్త కెమెరా వచ్చాక ప్రీమియర్ టైమ్‌లైన్ కదలడం లేదు, రెండరింగ్ కూడా బాగా ఆలస్యం. ఆర్‌టీఎక్స్ 4070 వేయమంటున్నారు. వేయాలా? – ఒక వీడియోగ్రాఫర్, నంద్యాల

జవాబు: ఆగండి. కెమెరా మారాక మొదలైందంటే ముందుగా చూడాల్సింది కెమెరా సెట్టింగే. కొత్త కెమెరా వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో 10 బిట్, 4:2:2 రికార్డు చేస్తూ ఉండాలి. రంగుల సమాచారం ఎక్కువ ఉంచుతుంది కాబట్టి గ్రేడింగ్‌కు (రంగులు దిద్దడానికి) మంచిది. కానీ ఆ రకం ఫైలును విప్పే సర్క్యూటు మీ 3060లో లేదు, వాళ్లు వేయమంటున్న 4070లోనూ లేదు. ఎన్‌విడియాలో అది 50వ శ్రేణితోనే వచ్చింది. విప్పే పనంతా ప్రాసెసర్ మామూలు కోర్ల నెత్తిన పడుతోంది.

విచిత్రమేమిటంటే, ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న గ్రాఫిక్స్ భాగం ఈ ఫైళ్లను సులువుగా విప్పుతుంది. మీ 12700 వెనక ఉన్న ‘ఎఫ్’ అక్షరానికి అర్థం ఆ భాగం పనిచేయదని. కొన్నప్పుడు ఏ కొద్ది వందలో వేలో మిగిలి ఉంటాయి.

ముందు ఖర్చులేని పరీక్ష చేయండి. కెమెరాలో రంగుల సమాచారం తక్కువ ఉంచే 4:2:0 పెట్టి ఒక నిమిషం తీసి టైమ్‌లైన్‌లో వేయండి. నున్నగా నడిచిందంటే రోగం ఇదే. ఆ తర్వాత దారి మీ ఇష్టం. ముహూర్తం, తలంబ్రాలు మినహా మిగతాదంతా 4:2:0లో తీయవచ్చు, చూసే బంధువులకు తేడా తెలియదు. లేదా ప్రాక్సీలు (తేలికైన నకలు ఫైళ్లు) చేసుకుని ఎడిట్ చేయవచ్చు. లేదా అదే బోర్డు మీద ఎఫ్ లేని 12700 కొని, పాతది అమ్మేయవచ్చు. బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ను ఆన్ చేయడం మరచిపోకండి, వేరే కార్డు ఉన్నప్పుడు కొన్ని బోర్డులు దాన్ని ఆపేస్తాయి. కొత్త కార్డు కొనాలన్న పట్టుదల ఉంటే 50వ శ్రేణిలోనే కొనండి.

ప్రశ్న: రాత్రి పడుకునేముందు రెండర్ పెడితే తెల్లారేసరికి కంప్యూటర్ రీస్టార్ట్ అయి ఉంటోంది. 600 వీఏ యూపీఎస్ ఉంది. 3డీ వాక్‌త్రూ పనులు చేస్తాను. ప్రాసెసర్ మారిస్తే పోతుందా? – ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ప్రాసెసర్ జోలికి వెళ్లకముందు విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి ‘సిస్టమ్’ లాగ్ చూడండి. ఆ సమయంలో 1074 అనే నంబరు కనిపిస్తే ఏదో ప్రోగ్రాము పద్ధతిగా రీస్టార్ట్ చేసిందని. చాలాసార్లు అది విండోస్ అప్‌డేటే అయి ఉంటుంది, సెట్టింగుల్లో వారం రోజులు వాయిదా వేస్తే సరి. కెర్నల్-పవర్ 41 ఒక్కటే ఉంటే కరెంటు హఠాత్తుగా పోయిందనో, కంప్యూటర్ చతికిలబడిందనో.

ఆ 41 ఒక్కటే కనిపిస్తే నా కన్ను మీ యూపీఎస్ మీద. 600 వీఏ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, వెనక చిన్నక్షరాల్లో 360 వాట్లని ఉంటుంది. రెండర్‌లో మీ కార్డు 250, ప్రాసెసర్ 150 లాగినా 400 అయ్యాయి, మిగతా భాగాలను ఇంకా కలపలేదు. లైన్ కరెంటు ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. అర్ధరాత్రి ఒక్క క్షణం కరెంటు పోయి బ్యాటరీ మీదకు మారగానే యూపీఎస్ బరువు మోయలేక ఆగిపోతుంది. పగలు, రెండర్ లేనప్పుడు ప్లగ్ తీసి చూసి ‘బాగానే ఉంది’ అనుకుంటారు. రెండర్ నడుస్తుండగా తీసి చూడండి, అయితే పరీక్షకు పెట్టిన రెండర్ మీదే సుమా. కొత్తది కొనేటప్పుడు వీఏ చూడకుండా వాట్లు చూడండి, మీ అవసరం కంటే మూడో వంతు ఎక్కువ ఉండాలి. ఇంటి ఇన్వర్టర్ మీద ఆధారపడితే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో అది మారేలోపే ఎస్‌ఎంపీఎస్ పట్టు వదిలేయవచ్చు.

వాక్‌త్రూను నేరుగా ఎంపీ4గా రెండర్ చేస్తున్నారా? మానేయండి. పీఎన్‌జీ గానీ ఈఎక్స్‌ఆర్ గానీ ఫ్రేముకొక ఫైలుగా తీసుకోండి. 30 సెకన్లకు, 25 చొప్పున 750 ఫ్రేములు. ఫ్రేముకు 4 నిమిషాలైతే 50 గంటల పని. 600వ ఫ్రేము దగ్గర కరెంటు పోతే ఎంపీ4 మొత్తం చెడుతుంది. ఫ్రేములుగా తీస్తే 600 నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అన్నయ్య వస్తూ గ్రాఫిక్స్ కార్డు తెస్తానంటున్నాడు. అక్కడి కార్డు మన 230 ఓల్టులకు కాలిపోదా? – విజయవాడ పాఠకుడు

జవాబు: కాలిపోదు. కార్డుకు గోడలోని కరెంటు తగలదు, మీ ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 ఓల్టులే వెళతాయి. చూసుకోవాల్సింది వారంటీ. చాలా కంపెనీలు కొన్న దేశంలోనే ఇస్తాయి. అన్నయ్య కొనేముందే ఆ బ్రాండు ఇండియా సర్వీసు సెంటర్‌కు సీరియల్ నంబరు సంగతి అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. బిల్లు వెంట తెమ్మనండి, కస్టమ్స్‌వాళ్లు అడుగుతారు. కార్డు పొడవును మీ క్యాబినెట్ లోపల టేపు పెట్టి కొలుచుకుని చెప్పండి, ఇప్పటి కార్డులు కొన్ని 33 సెంటీమీటర్ల పైనే ఉంటున్నాయి.